రసీదు ఇంట్లో ఉన్నది, బీమా లేదన్నారు

(జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణాలలో జరిగిన సమావేశాలలో మేము చేసిన ప్రసంగ పాఠం)



ఈ మూడు పట్టణాలలో మేము కూర్చున్న ప్రతి చోటా ఒకే రకమైన మూట మా ముందుకు వచ్చింది. పాత చీర ముక్కలో చుట్టిన కాగితాలు. అందులో ఆధార్ నకలు, మరణ ధ్రువపత్రం, ఒక చిన్న పాస్‌బుక్కు, దానితోపాటు ఇంగ్లీషులో రెండు వాక్యాల ఉత్తరం. ఆ ఉత్తరంలో ఉండే మాట ఒక్కటే: పాలసీ ల్యాప్స్ అయినది, క్లెయిమ్ ఇవ్వలేము.

కోరుట్లలో మేము కలిసిన ఒక సోదరి విషయం చెబుతాము. ఆమె బీడీలు చుడుతుంది. భర్త ఆటో నడిపేవాడు. ఆయన ఒక పొదుపు సంఘంలో సభ్యుడు. సంఘం తన సభ్యులందరినీ ఒక బీమా పథకంలో చేర్పించింది. ప్రతి నెలా సంఘం మనిషి వచ్చి డబ్బు తీసుకొని పాస్‌బుక్కులో సంతకం చేసి పోయేవాడు. ఒక్క నెల కూడా తప్పలేదు. ఆ సంతకాలు మేము లెక్కపెట్టి చూశాము. ఆయన గుండెపోటుతో మరణించాడు. ఇద్దత్ ముగిసిన తరువాత ఆమె తమ్ముణ్ణి వెంటబెట్టుకొని వెళ్ళి అడిగితే, చివరి రెండు వాయిదాలు కంపెనీకి చేరలేదని తేలింది. సంఘం వారు "మేము పంపినాము, కంపెనీనే అడగండి" అన్నారు. కంపెనీ వారు "మాకు రాలేదు, సంఘాన్ని అడగండి" అన్నారు. ఆమె మమ్మల్ని అడిగినది ఒకటే ప్రశ్న: "మేము కట్టినాము కదా, మరి తప్పు ఎవరిది?"

ఈ రోజు మా ప్రసంగమంతా ఆ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

ముందుగా ఒక మాట. బీమా ధర్మసమ్మతమా కాదా అని మన పెద్దలలో చర్చ ఉన్నది. 1985లో జిద్దాలో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్ అకాడమీ వాణిజ్య బీమాను నిషిద్ధమని, పరస్పర సహకారం మీద నడిచే బీమాను సమ్మతమని తీర్మానించింది. ఆ చర్చను ఉలమాలకు వదలుతున్నాము. అయితే గల్ఫ్‌కు పోయే కూలీకి ఒక బీమా తప్పనిసరి. పీఎఫ్ ఉన్న బీడీ కార్మికురాలికి మరొక బీమా చట్టప్రకారం దానంతటదే వర్తిస్తుంది. మనం అడిగినా అడగకపోయినా అందులో ఉన్నాము. చెల్లించిన తరువాత వితంతువుకు, అనాథలకు రావలసిన సొమ్మును వదులుకొమ్మని చెప్పే అధికారం మాకు లేదు.

ఇప్పుడు ఆ సోదరి ప్రశ్నకు వద్దాము. ఇది కోరుట్లలో పుట్టిన ప్రశ్న కాదు. నూట పాతికేళ్ళ కిందట అమెరికాలో ఇదే ప్రశ్న వారి సుప్రీంకోర్టు దాకా పోయింది. ఆ కాలంలో అక్కడి కార్మికులు, చిన్న ఉద్యోగులు సోదర సంఘాలలో చేరేవారు. 1868లో మొదలైన ఏన్షియంట్ ఆర్డర్ ఆఫ్ యునైటెడ్ వర్క్‌మెన్ అటువంటిదే. సభ్యుడు మరణిస్తే మిగిలిన వారందరూ తలా ఒక డాలరు వేసుకొని ఆ కుటుంబానికి ఇచ్చేవారు. మన అంజుమన్‌ల పద్ధతికి ఇది ఎంత దగ్గరో చూడండి. ఆ సంఘాలు పెరిగిన కొద్దీ నియమావళి కూడా పెరిగింది. గడువు దాటితే సభ్యత్వం రద్దు, సభ్యత్వం రద్దయితే సాయమూ రద్దు అన్నారు.

నైట్స్ ఆఫ్ పిథియాస్ అనే సోదర సంఘంలో సభ్యుడైన విదర్స్ అనే వ్యక్తి స్థానిక శాఖ కార్యదర్శికి సకాలంలో చందా చెల్లించాడు. కార్యదర్శి ఆ సొమ్మును కేంద్ర కార్యాలయానికి ఆలస్యంగా పంపాడు. ఈలోగా సభ్యుడు మరణించాడు. కేంద్ర కార్యాలయం తన నియమావళి తీసి చూపించింది: శాఖ కార్యదర్శి సభ్యుల ప్రతినిధియే గాని మా ప్రతినిధి కాడు, కనుక ఆయన ఆలస్యం సభ్యుడి ఆలస్యమే. విదర్స్ భార్య కోర్టుకు వెళ్ళింది. 1900లో అమెరికా సుప్రీంకోర్టు ఆమెకు అనుకూలంగా తీర్పు చెప్పింది. వసూలు చేసే పని అప్పగించినది మీరు, ఆ పని మీ కోసం జరిగింది, నియమావళిలో వేరే పేరు పెట్టినంత మాత్రాన ఆయన మీ మనిషి కాకుండా పోడు. తీర్పు సారాంశం ఇది.

మన దేశంలో ఈ విషయం మీద రెండు దారులు ఉన్నాయి. రెండూ తెలిసి ఉండాలి, ఎందుకంటే ఒకటి మనకు అనుకూలం, రెండవది ప్రతికూలం.

ప్రతికూలమైనది ముందు చెబుతాము. హర్షద్ షా కేసులో 1997లో మన సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. పాలసీదారుడు 1987 జూన్‌లో ప్రీమియం సొమ్మును ఏజెంటు చేతికి ఇచ్చాడు. ఏజెంటు దానిని ఎల్‌ఐసీలో ఆగస్టు 10న కట్టాడు. పాలసీదారుడు ఆగస్టు 9న ప్రమాదంలో మరణించాడు. ఒక్క రోజు తేడా! నిబంధనల ప్రకారం ఏజెంటుకు ప్రీమియం వసూలు చేసే అధికారం లేదు, కనుక ఏజెంటుకు ఇచ్చినది కార్పొరేషన్‌కు ఇచ్చినట్టు కాదని కోర్టు తేల్చింది. మన ఇళ్ళకు వచ్చి, టీ తాగి, "మీరు ఆఫీసుకు రావలసిన పని లేదు, నేను కట్టేస్తాను" అనే ఏజెంటు ఎంత మంచివాడైనా, చట్టం దృష్టిలో మీ డబ్బు ఇంకా మీ జేబులోనే ఉన్నది. ఆయన మీద నమ్మకం వద్దని మేము అనడం లేదు. ఆయన చేతికి ఇచ్చినా, రెండు రోజులలో కంపెనీ ముద్ర ఉన్న రసీదు మీ చేతికి రావాలి. లేదా ఫోనుకు సందేశం రావాలి.

ఇక అనుకూలమైనది. 1999లో బసంతీదేవి కేసు. ఆమె భర్త ఢిల్లీ విద్యుత్ సంస్థలో ఉద్యోగి. జీతం నుండి ప్రీమియం మినహాయించి యజమాన్యమే ఎల్‌ఐసీకి పంపే పథకం అది. యజమాన్యం పంపలేదు, పాలసీ ల్యాప్స్ అయింది, ఆయన మరణించాడు. ఇక్కడ సుప్రీంకోర్టు వేరే విధంగా చూసింది. ఈ పథకాన్ని ఎల్‌ఐసీ, యజమాన్యం కలిసి ఏర్పాటు చేసుకున్నాయి. ప్రీమియం నోటీసులు ఉద్యోగికి నేరుగా రావు. తన సొమ్ము చేరిందో లేదో తెలుసుకునే దారి ఆయనకు లేదు. కనుక వసూలు విషయంలో యజమాన్యం ఎల్‌ఐసీకే ప్రతినిధి, బీమా సొమ్ము చెల్లించవలసినది ఎల్‌ఐసీయే అని తీర్పు. 2005లో రాజీవ్ కుమార్ భాస్కర్ కేసులోనూ సుప్రీంకోర్టు ఇదే మార్గాన నడిచింది.

ఈ రెండింటి మధ్య గీత ఎక్కడ ఉన్నదో గమనించండి. డబ్బు తీసుకున్న మనిషి మంచివాడా చెడ్డవాడా అని కోర్టు చూడలేదు. అతడికి ఆ పని అప్పగించినది ఎవరు? కంపెనీకి, వసూలు చేసేవారికి మధ్య రాత ఏమున్నది? సభ్యుడికి నేరుగా తెలుసుకునే దారి ఉన్నదా? ఈ మూడే చూసింది. కాబట్టి సంఘం ద్వారా కట్టిన బీమా ల్యాప్స్ అయినదంటే మొదట అడగవలసిన కాగితం కంపెనీకి, సంఘానికి మధ్య కుదిరిన ఒప్పందం, దానితో కలిపి మాస్టర్ పాలసీ నకలు. మరణ ధ్రువపత్రం కన్నా ముందు దానిని అడగండి అని మేము ప్రతి ఊళ్ళోనూ చెబుతున్నాము. చాలామంది సంఘాల పెద్దలకు అది ఎక్కడ ఉన్నదో కూడా తెలియదు. అది వేరే బాధ.

ల్యాప్స్ అనే మాట విని లేచి వచ్చేయకండి. ఏ తేదీన ల్యాప్స్ అయినది? వాయిదా తేదీ తరువాత సాధారణంగా నెలవారీ ప్రీమియం అయితే 15 రోజులు, మూడు నెలలకో ఆరు నెలలకో ఏడాదికో కట్టేదయితే 30 రోజులు గడువు ఉంటుంది. ఆ గడువులో మరణిస్తే బీమా ఉన్నట్టే. ఎల్‌ఐసీలో మరొక వెసులుబాటు ఉన్నది: కనీసం మూడేళ్ళు పూర్తిగా కట్టిన పాలసీ అయితే, మొదటి బకాయి నుండి ఆరు నెలల లోపు మరణానికి, ఐదేళ్ళు కట్టినదయితే ఏడాది లోపు మరణానికి, బకాయి మినహాయించుకొని పూర్తి సొమ్ము ఇస్తారు. అది దాటినా, కొన్నేళ్ళు కట్టిన పాలసీకి తగ్గిన విలువ మిగిలి ఉంటుంది. 1938 బీమా చట్టం 50వ సెక్షన్ ప్రకారం ప్రీమియం ఆగిన మూడు నెలలలోగా, మీ ముందున్న దారులు ఇవి అని కంపెనీ పాలసీదారుకు తెలియజేయాలి; పాలసీ పత్రంలోనే ఆ దారులు రాసి ఉంటే తప్ప. ఆ నోటీసు ఏ చిరునామాకు పంపారని అడగండి. పదేళ్ళ కిందట ఖాళీ చేసిన కిరాయి ఇంటికి పంపి ఉంటారు!

అయితే మోసం చేయవద్దు. 2021లో సుప్రీంకోర్టు విన్న సునీత కేసు చూడండి. 2011 అక్టోబరులో కట్టవలసిన ప్రీమియం కట్టలేదు. 2012 మార్చి 6న భర్తకు ప్రమాదం జరిగింది. 9న బకాయి కట్టి పాలసీని బతికించారు, ప్రమాదం మాట చెప్పలేదు. 21న ఆయన మరణించాడు. అసలు బీమా సొమ్ము 3.75 లక్షలు ఎల్‌ఐసీ ఇచ్చింది. ప్రమాద బీమా అదనపు సొమ్ము రాదని కోర్టు చెప్పింది. ప్రమాదం జరిగిన నాడు పాలసీ బతికి లేదు కనుక. ఆసుపత్రిలో మనిషి పడిఉండగా పరుగెత్తి బకాయి కట్టే అలవాటు మనలో ఉన్నది. అది నిలవదు.

ఇక మన మూడు ఊళ్ళ సంగతి. 2016 అక్టోబరు దాకా ఇవన్నీ కరీంనగర్ జిల్లాలోనివే; ఇప్పుడు జగిత్యాల, రాజన్న సిరిసిల్ల వేరువేరు జిల్లాలు. బతుకులు మాత్రం ఒక్కటే: బీడీ, మగ్గం, గల్ఫ్.

జగిత్యాల, కోరుట్లలో బీడీలు చుట్టే సోదరీమణులలో పీఎఫ్ కార్డు ఉన్నవారు ఈ మాట శ్రద్ధగా వినండి. 1976 నుండి పీఎఫ్‌తో కలిసి ఒక బీమా ఉన్నది. దానికి మీరు పైసా కట్టరు, యజమానియే కట్టాలి. పనిలో ఉండగా సభ్యురాలు మరణిస్తే కుటుంబానికి సొమ్ము వస్తుంది. 2021 తరువాత దాని గరిష్ఠ పరిమితి 7 లక్షలు. ఏడాదిపాటు ఎడతెగకుండా సభ్యత్వం ఉంటే కనీసం 2.5 లక్షలు. ఇంత పెద్ద సొమ్ము ఉన్నదని మేము కలిసిన ఇళ్ళలో ఎందరికో తెలియదు. తగాదా వచ్చేది "పనిలో ఉండగా" అన్న మాట దగ్గర. కంపెనీ నెలలో కొద్ది రోజులే పని ఇస్తుంది. కొన్నాళ్ళు ఆకు రాదు. కార్డు ఒకరి పేరు మీద, చుట్టేది మరొకరు. ఠేకేదారు లెక్క పుస్తకం ఒక విధంగా, కంపెనీ పంపిన జాబితా మరొక విధంగా ఉంటాయి. కనుక పీఎఫ్ ఖాతాలో ప్రతి నెలా సొమ్ము జమ అవుతున్నదో లేదో పిల్లల ఫోనులో చూసుకోండి. యజమాని కట్టకపోతే వసూలు చేసే అధికారం పీఎఫ్ శాఖకు ఉన్నది. ఆ ఫిర్యాదు బతికి ఉండగా ఇస్తే ఒక కాగితంతో పోతుంది. తరువాత ఇస్తే సంవత్సరాలు పడుతుంది.

సిరిసిల్లలో మరమగ్గాల మీద పద్మశాలీ సోదరులతోపాటు మనవారూ పని చేస్తున్నారు. ఇక్కడ మా ముందుకు వచ్చిన మూటలలో జనశ్రీ బీమా, ఆమ్ ఆద్మీ బీమా కార్డులు ఎన్నో. జనశ్రీ 2000లో వచ్చింది, ఆమ్ ఆద్మీ 2007లో వచ్చింది, 2013లో రెండూ ఒకటయ్యాయి. ఆమ్ ఆద్మీలో సహజ మరణానికి 30 వేలు, ప్రమాద మరణానికి 75 వేలు. ఈ పథకాలలో సభ్యుడికి కంపెనీతో నేరుగా సంబంధం లేదు. నోడల్ ఏజెన్సీ అనే మధ్యవర్తి జాబితా పంపితేనే ఆ ఏడాది బీమా ఉన్నట్టు. జాబితా వెళ్ళని ఏడాది మరణించినవారి కుటుంబం చేతిలో కార్డు మిగిలింది, అంతే. 2017లో వీటిని ప్రధానమంత్రి జీవన్ జ్యోతి, సురక్షా పథకాలలో కలిపారు. కార్డు మెరుస్తూ ఉన్నదని బీమా ఉన్నదనుకోకండి.

ఆ జీవన్ జ్యోతి గురించి తేదీతో సహా గుర్తు పెట్టుకోవాలి. ఏడాదికి 436 రూపాయలు, ఏ కారణంతో మరణించినా 2 లక్షలు. జూన్ 1 నుండి మే 31 దాకా ఒక ఏడాది. బ్యాంకు ఖాతాలో నుండి సొమ్ము దానంతటదే పోతుంది. ఖాతాలో 400 మాత్రమే ఉంటే? పోదు. బీమా ఆగిపోతుంది. ఎవరూ తలుపు తట్టి చెప్పరు. మళ్ళీ చేరితే మొదటి 30 రోజులలో ప్రమాదం కాని మరణానికి సొమ్ము రాదు. మే నెలాఖరున జన్‌ధన్ ఖాతాలో ఐదు వందలు ఉంచడం ఎంత చిన్న పని! 36 రూపాయలు తక్కువై 2 లక్షలు పోగొట్టుకున్న ఇంటికి మేము వెళ్ళి వచ్చాము. ఆ ఇంట్లో మేము ఏమీ మాట్లాడలేకపోయాము.

గల్ఫ్‌కు పోయినవారి సంగతి ఇంకొక తీరు. ఎమిగ్రేషన్ క్లియరెన్సు మీద పోయేవారికి ప్రవాసీ భారతీయ బీమా తప్పనిసరి. రెండేళ్ళకు 275 రూపాయలు, మూడేళ్ళకు 375 రూపాయలు. బీమా 10 లక్షలు. యజమాని మారినా వర్తిస్తుంది. కాని ఇది ప్రమాదానికి, ప్రమాదం వల్ల కలిగే శాశ్వత వైకల్యానికి మాత్రమే. ఎండలో పనిచేసి గదికి వచ్చి నిద్రలోనే పోయిన మనిషికి ఇది రాదు. మన పల్లెలకు వచ్చే పెట్టెలలో అటువంటివారు ఎందరో మీకు తెలుసు. రెండవ లోపం గడువు. రెండేళ్ళకు పోయినవాడు ఏడేళ్ళు ఉంటాడు. బీమా మొదటి సెలవుకు ముందే ముగిసిపోతుంది. ఆన్‌లైనులో పొడిగించుకోవచ్చు. పొడిగించినవారిని చేతులెత్తమంటే జగిత్యాల సభలో ఒక్క చేయి లేచింది. రాష్ట్ర ప్రభుత్వం 2024 సెప్టెంబరులో గల్ఫ్ మృతుల కుటుంబాలకు 5 లక్షల ఎక్స్‌గ్రేషియా ఉత్తర్వు ఇచ్చింది. అది బీమా కాదు, సాయం. రెంటినీ కలపకండి, ఒకటి అందినదని రెండవది వదలకండి.

ఇప్పుడు మనలోకి మనం చూసుకోవలసిన మాట. కోపం తెచ్చుకోకండి. మన అంజుమన్‌లు, బైతుల్‌మాల్‌లు, మొహల్లా కమిటీలు నెలనెలా చందా తీసుకొని ఎవరైనా మరణిస్తే కఫన్ దఫన్‌కు, పిల్లల చదువుకు సాయం చేస్తున్నాయి. ఎంతో మంచి పని. కాని ఎన్ని చోట్ల లెక్క పుస్తకం ఉన్నది? "మూడు నెలలు కట్టకపోతే సాయం లేదు" అన్న నియమం ఒక సభ్యుడి ఇంటికి వర్తించి, మరొక పెద్దమనిషి ఇంటికి వర్తించకుండా పోయిన సంగతి మాకు తెలుసు. అప్పు రాసిపెట్టుకోవడం గురించిన ఆయతు ఖుర్‌ఆన్‌లోకెల్లా పొడవైనది. అంత పొడవుగా ఎందుకు ఉన్నదో మన కోశాధికారులు ఆలోచించాలి. మరొక హెచ్చరిక: మరణిస్తే ఇంత సొమ్ము తప్పక ఇస్తామని రాసిచ్చి చందా వసూలు చేస్తే అది బీమా వ్యాపారం అవుతుంది. నమోదు లేకుండా దానిని చేయడానికి 1938 చట్టం ఒప్పుకోదు. సాయాన్ని సాయంగానే ఉంచండి. బీమా కావాలంటే సంఘం పేరు మీద నమోదైన కంపెనీ వద్ద తీసుకొని, కట్టిన రసీదును ప్రతి వాయిదాకూ మసీదు బోర్డు మీద అంటించండి.

తిరస్కరణ ఉత్తరం వచ్చిన తరువాత ఏమి చేయాలి? మొదట కంపెనీకే రాతపూర్వక ఫిర్యాదు, రసీదుతో. ఒక నెల చూడండి. జవాబు రాకపోయినా, నచ్చకపోయినా హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కు రాయండి. తిరస్కరించిన ఏడాదిలోగా రాయాలి. రుసుము లేదు. వకీలు అక్కరలేదు, రానివ్వరు కూడా. కాని అంబుడ్స్‌మన్ కంపెనీని మాత్రమే అడగగలడు, సంఘాన్ని అడగలేడు. సంఘం, కంపెనీ ఒకరి మీద ఒకరు వేసుకుంటున్న తగాదాకు కరీంనగర్‌లోని జిల్లా వినియోగదారుల కమిషనే మేలు. ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చవచ్చు. రెండేళ్ళ లోపు వేయాలి.

ఇద్దత్ విషయం చాలామంది సోదరీమణులు అడిగారు. నాలుగు నెలల పది రోజులు ఇల్లు కదలని కారణంగా క్లెయిమ్ ఆలస్యమైతే పోతుందా? ఆలస్యమొక్కటే కారణంగా న్యాయమైన క్లెయిమ్‌ను తోసిపుచ్చవద్దని బీమా నియంత్రణ సంస్థ 2011 సెప్టెంబరులోనే కంపెనీలను ఆదేశించింది. అయినా ఒక పోస్టుకార్డంత సమాచారం, ఫలానా తేదీన మరణించారని, ఇంట్లో మగపిల్లవాడి చేత వెంటనే పంపించండి. మరణ నమోదు 21 రోజులలో చేయించండి. మరొక పెద్ద చిక్కు పేరు. ఆధార్‌లో మహమ్మద్, బాండులో ఎండీ, పాస్‌బుక్కులో మొహ్మద్. పెళ్ళి ముందు సుల్తానా, తరువాత బేగం. ఈ ఒక్క కారణంతో ఆగిన ఫైళ్ళు మేము చూసినవాటిలో తక్కువ కాదు. బతికి ఉండగానే సరిచేయించండి. నామినీగా అన్నదమ్ముల పేరు రాసి, పెళ్ళి తరువాత మార్చని యువకులు ఈ సభలోనే ఉన్నారు. 1983లో సర్బతీదేవి కేసులో నామినీ సొమ్ము అందుకునేవాడే గాని యజమాని కాడని సుప్రీంకోర్టు చెప్పింది. 2015 సవరణ తల్లిదండ్రులకు, భార్యాభర్తలకు, సంతానానికి నామినీగా ఎక్కువ హక్కు ఇచ్చింది. అన్నదమ్ములు ఆ జాబితాలో లేరు. వదినా మరుదుల మధ్య తగాదా పెట్టి పోకండి.

కోరుట్ల సోదరి సంగతి ఎక్కడిదాకా వచ్చిందో చెప్పి ముగిస్తాము. ఒప్పందం నకలు ఇమ్మని సంఘానికి రాశాము, మొదట ఇవ్వలేదు. రెండవ ఉత్తరం తరువాత ఇచ్చారు. సభ్యుల ప్రీమియం సంఘమే వసూలు చేసి జమ చేయాలని, అందుకు కంపెనీ సంఘానికి ఖర్చుల కింద కొంత సొమ్ము ఇస్తుందని అందులో స్పష్టంగా ఉన్నది. ఆ పేజీకి, పాస్‌బుక్కులోని సంతకాలకు నకళ్ళు జతచేసి, బసంతీదేవి తీర్పును ప్రస్తావించి కంపెనీకి ఫిర్యాదు పంపాము. కవరు మీద చిరునామా ఆమె పెద్దకూతురు రాసింది. తొమ్మిదవ తరగతి చదువుతున్నది. జవాబు గడువు వచ్చే గురువారంతో ముగుస్తుంది. శుక్రవారం నమాజు తరువాత అంబుడ్స్‌మన్ దరఖాస్తు నింపడానికి వారి ఇంటికి వెళుతున్నాము. ఇటువంటి కాగితాలు ఉన్నవారు ఆ రోజు అక్కడికే తీసుకురండి.